ఇంగ్లండు కిందిశ్రేణి ఫుట్‌బాల్ క్లబ్బుల ఆర్థిక సంక్షోభం: అక్రింగ్టన్ నుంచి బెరీ వరకు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంగ్లండులోని చిన్న పట్టణాల ఫుట్‌బాల్ క్లబ్బులు శతాబ్దానికి పైగా అప్పులతో పోరాడుతూనే ఉన్నాయి. ఈ దుస్థితికి యజమానుల అసమర్థతే కారణమన్న అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. అది పాక్షిక సత్యం. 1888లో ఏర్పడిన ఫుట్‌బాల్ లీగు, పోటీదారులు ఒకరి రాబడిని ఒకరు పంచుకునే వ్యవస్థగా పెరిగింది. 1961 నుంచి 1992 వరకు జరిగిన మార్పులలో ఆ పంపకం క్రమంగా సడలిపోయింది. దాని స్థానంలో ప్రతి క్లబ్బూ ఒక వ్యక్తి ధనంపై ఆధారపడే పరిస్థితి వచ్చింది. అక్రింగ్టన్ స్టాన్లీ (1962), బెరీ (2019) క్లబ్బుల పతనాలను రెండు కొసలుగా తీసుకొని ఈ పరిణామాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫుట్‌బాల్ లీగు, గేటు వసూళ్లు, వేతన పరిమితి, టెలివిజన్ హక్కులు, దివాలా, అభిమానుల యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం:

ఇంగ్లండులో వృత్తి ఫుట్‌బాల్ నాలుగు శ్రేణులుగా ఉంటుంది. అగ్రశ్రేణి అయిన ప్రీమియర్ లీగులో 20 క్లబ్బులు, దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అనే మూడు శ్రేణులలో 72 క్లబ్బులు, మొత్తం 92 క్లబ్బులు ఆడుతాయి. ఏటా ప్రతి శ్రేణిలో చివరి స్థానాలలో నిలిచినవి కిందికి దిగుతాయి. ముందు నిలిచినవి పైకి వెళ్తాయి. మన దేశంలో ఐపీఎల్ జట్లకు ఈ దిగుడు భయం లేదు. ఇంగ్లండు క్లబ్బులకు మాత్రం ప్రతి సంవత్సరమూ అది పరీక్షే. శ్రేణి మారితే ప్రేక్షకులు తగ్గుతారు, టెలివిజన్ సొమ్ము తగ్గుతుంది. ఆటగాళ్లతో కుదుర్చుకున్న ఒప్పందాలు మాత్రం అలాగే ఉంటాయి.

మూడు, నాలుగు శ్రేణులలోని క్లబ్బులలో ఎక్కువ భాగం పారిశ్రామిక యుగంలో పుట్టినవి. నూలు మిల్లులు, బొగ్గు గనులు, రైలు కర్మాగారాలు ఉన్న పట్టణాలలో శనివారం మధ్యాహ్నం పని ముగించుకున్న కార్మికులే వాటికి తొలి ప్రేక్షకులు. మిల్లులు మూతపడ్డాక కూడా ఆ పట్టణాల పేర్లు దేశమంతటా వినిపించడానికి క్లబ్బులే ఆధారమయ్యాయి. అందువల్ల ఒక క్లబ్బు దివాలా తీయడం ఒక వ్యాపారసంస్థ మూతపడటంతో సమానం కాదు. ఆ పట్టణపు ఉమ్మడి జ్ఞాపకం కూడా దానితో ముడిపడి ఉంటుంది. అయినా చట్టం దృష్టిలో క్లబ్బు ఒక పరిమిత బాధ్యతా సంస్థ మాత్రమే. ఈ రెంటి మధ్య ఉన్న అంతరమే ఈ చరిత్రకు మూలం.

2. లీగు పుట్టుక – పంపకపు నియమాలు:

1885లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆటగాళ్లకు జీతాలివ్వడాన్ని అనుమతించింది. జీతాలివ్వాలంటే క్రమం తప్పని రాబడి కావాలి. నాకౌట్ పోటీలలో ఓడిన జట్టుకు ఆపైన మ్యాచులు ఉండవు. స్నేహపూర్వక మ్యాచులు చివరిక్షణంలో రద్దయ్యేవి. ఈ సమస్యకు పరిష్కారంగా ఆస్టన్ విల్లా క్లబ్బుకు చెందిన విలియం మెక్‌గ్రెగర్ చొరవతో 1888లో 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగు ఏర్పడింది. అంటే లీగు పుట్టుకకే ఆర్థిక అవసరం కారణం. ఆ పన్నెండింటిలో ఒకటైన అక్రింగ్టన్ క్లబ్బు 1893లోనే లీగునుంచి తప్పుకొని, కొద్దికాలానికే మూతపడింది.

ఆటలో ఒక విచిత్రమైన ఆర్థికసూత్రం ఉంది. ఒక దుకాణదారుడికి పక్క దుకాణం మూతపడితే లాభమే. ఫుట్‌బాల్ క్లబ్బుకు ప్రత్యర్థి లేకపోతే ఆటే లేదు. ఈ గ్రహింపుతోనే లీగు కొన్ని కట్టుబాట్లను ఏర్పరచుకుంది. 1901లో ఆటగాడి గరిష్ఠ వేతనం వారానికి 4 పౌండ్లుగా నిర్ణయమైంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత లీగు మ్యాచు గేటు వసూళ్లలో ఐదో వంతు అతిథి జట్టుకు ఇచ్చే పద్ధతి స్థిరపడింది. డైరెక్టర్లు జీతం తీసుకోరాదనీ, వాటాదారుల లాభాంశం ఒక పరిమితికి లోబడాలనీ ఫుట్‌బాల్ అసోసియేషన్ నిబంధనలు చెప్పేవి. అట్టడుగున నిలిచిన క్లబ్బులను తొలగించాలా కొనసాగించాలా అన్నది తక్కిన సభ్యులు ఓటు ద్వారా తేల్చేవారు. చాలాసార్లు పాతవారినే కొనసాగించేవారు.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం సరికాదు. పంపకపు భారాన్ని అందరికంటే ఎక్కువగా మోసినవారు ఆటగాళ్లు. వేతనానికి గరిష్ఠ పరిమితి ఉండేది. ఒప్పందం ముగిసినా క్లబ్బు అనుమతి లేకుండా మరో క్లబ్బుకు వెళ్లే స్వేచ్ఛ ఉండేది కాదు. పెద్ద నగరాల క్లబ్బులు ఎక్కువ జీతం ఆశచూపి చిన్న పట్టణాల ఆటగాళ్లను తీసుకుపోలేకపోవడానికి కారణం ఇదే. చిన్న క్లబ్బుల మనుగడలో ఆటగాళ్లకు దక్కని వేతనం పెట్టుబడిగా ఉందన్న విషయాన్ని చరిత్రకారులు విస్మరించరాదు.

3. అక్రింగ్టన్ స్టాన్లీ పతనం (1962):

తొలి అక్రింగ్టన్ క్లబ్బు పోయాక, అదే పట్టణంలోని స్టాన్లీ అనే మరో క్లబ్బు 1921లో లీగులో చేరింది. లాంకషైర్‌లోని ఈ నూలు పట్టణానికి ఇటు బ్లాక్‌బర్న్, అటు బర్న్‌లీ కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నాయి. 1960లో బర్న్‌లీ లీగు విజేతగా నిలిచింది. అదే సంవత్సరం బ్లాక్‌బర్న్ రోవర్స్ ఎఫ్.ఏ. కప్ ఫైనల్ ఆడింది. బస్సెక్కితే దేశంలోని మేటి ఆటను చూడగలిగే ప్రేక్షకుడు నాలుగో డివిజన్ మ్యాచుకు రావడం కష్టమైంది.

ఇంగ్లండు మైదానాలకు 1948–49లో 4 కోట్ల 12 లక్షల మంది ప్రేక్షకులు వచ్చారు. యుద్ధానంతర ఉత్సాహానికి అది శిఖరం. ఆ తరువాత టెలివిజన్, మోటారు కారు, ఇంటి సౌకర్యాలు పెరిగేకొద్దీ ఆ సంఖ్య పడిపోతూ వచ్చింది. ఆ దశలోనే అక్రింగ్టన్ క్లబ్బు 1958లో ఆల్డర్‌షాట్ సైనిక ప్రదర్శనకు వాడిన ఒక పాత ప్రేక్షకుల గ్యాలరీని కొని తెచ్చి తన మైదానంలో నిలిపింది. కొన్న ధరకంటే దాన్ని విప్పి, తరలించి, తిరిగి నిలపడానికైన ఖర్చు ఎన్నో రెట్లు ఎక్కువైంది. అందులో కూర్చునే జనం మాత్రం రాలేదు.

1962 మార్చి నాటికి అప్పులు సుమారు 60 వేల పౌండ్లకు చేరాయి. మార్చి 2న క్రూ జట్టు చేతిలో 4–0 తేడాతో ఓడినదే ఆ క్లబ్బు ఆడిన చివరి లీగు మ్యాచు. కొద్దిరోజులకే లీగుకు రాజీనామా లేఖ వెళ్లింది. మనసు మార్చుకొని దాన్ని ఉపసంహరించుకోవాలని చూసినా, లీగు కార్యదర్శి అలన్ హార్డేకర్ అంగీకరించలేదు. ఖాళీ అయిన స్థానం ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌కు దక్కింది. 1968లో అదే పేరుతో కొత్త క్లబ్బు పుట్టి, కిందిస్థాయి పోటీల నుంచి ఎదిగి 2006లో లీగులోకి తిరిగి వచ్చింది. ఆ ఏడాది లీగునుంచి కిందికి దిగిన రెండు క్లబ్బులలో ఒకటి ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ కావడం గమనార్హం.

4. పంపకం సడలిన క్రమం (1961–1992):

ఆటగాళ్ల సంఘం నాయకుడు జిమ్మీ హిల్ నేతృత్వంలో సమ్మె హెచ్చరిక రావడంతో 1961 జనవరిలో గరిష్ఠ వేతన పరిమితి రద్దయింది. అప్పటికి ఆ పరిమితి వారానికి 20 పౌండ్లు. అనతికాలంలోనే ఫుల్‌హమ్ ఆటగాడు జానీ హేన్స్ వేతనం వారానికి 100 పౌండ్లయింది. ఆటగాళ్లకు ఇది ఆలస్యంగా దక్కిన న్యాయం. అయితే చిన్న క్లబ్బులను కాపాడిన ఒక గోడ కూలినప్పుడు, దాని స్థానంలో మరో రక్షణను నిర్మించే ఆలోచన లీగు చేయలేదు.

1982లో బ్రిస్టల్ సిటీ ఉదంతం దీని ఫలితాన్ని చూపింది. మొదటి డివిజన్‌లో ఉండగా దీర్ఘకాలిక ఒప్పందాలు కుదుర్చుకున్న ఆ క్లబ్బు వరసగా శ్రేణులు దిగుతూ ఆ జీతాలను భరించలేకపోయింది. ఎనిమిది మంది ఆటగాళ్లు తమ ఒప్పందాలను వదులుకోవడంతోనే క్లబ్బు బతికింది. వారి ఉపాధి పోయింది, క్లబ్బు నిలిచింది. పాత కాలంలో లాగానే సంక్షోభపు మూల్యాన్ని చివరికి ఆటగాళ్లే చెల్లించారు.

1983 నుంచి లీగు మ్యాచుల గేటు వసూళ్లు పూర్తిగా ఆతిథ్య క్లబ్బుకే దక్కసాగాయి. అదే ఏడాది టాటెన్‌హమ్ హాట్‌స్పర్ మాతృసంస్థ ఒకదాన్ని ఏర్పరచి స్టాక్ ఎక్స్ఛేంజీలో ప్రవేశించింది. క్లబ్బుకు వర్తించే లాభాంశ నిబంధనలు మాతృసంస్థకు వర్తించలేదు. 1985–86 నాటికి ప్రేక్షకుల సంఖ్య 1 కోటి 65 లక్షలకు పడిపోయింది. రాబడి తగ్గినకొద్దీ పెద్ద క్లబ్బులు తమ వాటా పెంచాలని పట్టుబట్టాయి. అంతకుముందు 92 క్లబ్బులూ సమానంగా పంచుకున్న టెలివిజన్ సొమ్ములో 1986 ఒప్పందం మొదటి డివిజన్‌కు సగం ఇచ్చింది. 1988 ఒప్పందంలో ఆ వాటా నాలుగింట మూడు వంతులయింది. 1992లో 22 క్లబ్బులు లీగును వదిలి ప్రీమియర్ లీగుగా ఏర్పడటంతో పంపకం అనే మాటకే అర్థం మారింది. అదే ఏడాది మార్చిలో ఆల్డర్‌షాట్, ఆగస్టులో మెయిడ్‌స్టోన్ యునైటెడ్ క్లబ్బులు మూతపడ్డాయి.

1986–87 నుంచి ఓటు పద్ధతి పోయి, నాలుగో డివిజన్‌లో చివర నిలిచిన క్లబ్బు తప్పనిసరిగా లీగు వెలుపలికి దిగే నియమం వచ్చింది. ప్రతిభగల కొత్త క్లబ్బులకు ఇది ద్వారం తెరిచింది. పాత క్లబ్బులకు పతనం ఖరీదును పెంచింది.

5. మైదానం – చివరి ఆస్తి:

చిన్న క్లబ్బుకు ఉన్న ఒకే విలువైన ఆస్తి దాని మైదానం. 1985లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ మైదానంలో జరిగిన అగ్నిప్రమాదంలో 56 మంది మరణించారు. 1989 నాటి హిల్స్‌బరో దుర్ఘటన 97 మందిని బలిగొన్నది. భద్రతా ప్రమాణాలను కఠినం చేయడం అత్యవసరమైంది. కానీ పాత గ్యాలరీలను తిరిగి కట్టుకునే స్తోమత చాలా క్లబ్బులకు లేదు. మరోవైపు, పట్టణం నడిబొడ్డున ఉన్న ఆ స్థలాలు సూపర్‌మార్కెట్లకు, గృహనిర్మాణానికి అనువైనవి. దాంతో క్లబ్బు విలువ కంటే అది నిలిచిన నేల విలువే ఎక్కువయింది.

బ్రైటన్ క్లబ్బు మైదానమైన గోల్డ్‌స్టోన్ గ్రౌండ్ 1995లో అమ్ముడుపోయింది. దానికి ముందే, క్లబ్బు మూతపడితే ఆస్తులపై వ్యక్తిగత లాభం పొందరాదన్న నిబంధన క్లబ్బు నియమావళి నుంచి తొలగిపోయింది. 1997లో సొంత మైదానం వదిలిన బ్రైటన్ రెండేళ్లపాటు దూరానున్న గిల్లింగ్‌హమ్‌లో ‘సొంత’ మ్యాచులు ఆడింది. 1997 మే 3న హెరెఫర్డ్‌తో 1–1గా ముగిసిన మ్యాచుతో బ్రైటన్ లీగులో నిలిచింది. హెరెఫర్డ్ లీగునుంచి దిగిపోయింది. బ్రైటన్ తర్వాతి కాలంలో ప్రీమియర్ లీగుకు చేరింది. హెరెఫర్డ్ యునైటెడ్ 2014లో మూతపడింది. ఒక మధ్యాహ్నం ఒక గోలు తేడాతో రెండు పట్టణాల దారులు వేరయ్యాయి.

వింబుల్డన్ క్లబ్బు 1991లో తన ప్లౌ లేన్ మైదానాన్ని వదిలింది. 2002లో ఒక స్వతంత్ర సంఘం అనుమతితో ఆ క్లబ్బు మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలిపోయే నిర్ణయం ఖరారైంది. క్లబ్బు తరలినా అభిమానులు కదలలేదు. వారు ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్బును స్థాపించి, 2011లో లీగులోకి ప్రవేశించి, 2020లో ప్లౌ లేన్‌కే తిరిగివచ్చారు.

6. టెలివిజన్ సొమ్ముపై ఆశ – ఐటీవీ డిజిటల్:

ప్రీమియర్ లీగు విడిపోయాక మిగిలిన 72 క్లబ్బులు సొంతంగా టెలివిజన్ హక్కులను అమ్ముకోవలసి వచ్చింది. 2000లో కుదిరిన ఒప్పందం ప్రకారం మూడేళ్లకు 31.5 కోట్ల పౌండ్లు రావాలి. ఆ సొమ్మును నమ్ముకొని క్లబ్బులు ఆటగాళ్లకు ఒప్పందాలు ఇచ్చాయి. హక్కులు కొన్న ఐటీవీ డిజిటల్ సంస్థ 2002లో కూలిపోయింది. అప్పటికి లీగుకు రావలసిన బాకీ 17.85 కోట్ల పౌండ్లు. మాతృసంస్థలు కార్ల్‌టన్, గ్రనడా చెల్లించాలని లీగు కోర్టుకెక్కింది. వాటి నుంచి చెల్లుబాటయ్యే లిఖితపూర్వక హామీ లేనందున దావా వీగిపోయింది.

తిరిగి కుదిరిన ఒప్పందం నాలుగేళ్లకు 9.5 కోట్ల పౌండ్లు మాత్రమే. నాట్స్ కౌంటీ, బార్న్స్‌లీ, పోర్ట్ వేల్, యార్క్ సిటీ వంటి క్లబ్బులు 2002లో దివాలా రక్షణ కింద నియమితుడైన అధికారి పాలనలోకి వెళ్లాయి. బెరీ కూడా వాటిలో ఒకటి. అప్పట్లో అభిమానుల విరాళాలే బెరీని ఆదుకున్నాయి.

ఇలాంటి పరిష్కారాలలో ఒక నియమం విమర్శకు గురైంది. అప్పులు తీర్చేటప్పుడు ఆటగాళ్లకూ ఇతర క్లబ్బులకూ పూర్తి బాకీ చెల్లించాలి. స్థానిక వ్యాపారులకూ సేవాసంస్థలకూ మాత్రం పౌండుకు కొన్ని పెన్నీలే దక్కుతాయి. క్లబ్బును ప్రేమించి అరువిచ్చిన ఊరివారే ఎక్కువ నష్టపోయారు. దివాలా ద్వారా అప్పు వదిలించుకోవడం లాభసాటి కారాదన్న ఉద్దేశంతో, అలాంటి క్లబ్బులకు పది పాయింట్ల కోత విధించే నిబంధన వచ్చింది. 2004లో రెక్సమ్ దానికి గురైన తొలి క్లబ్బు.

7. యజమానిపై ఆధారపడటం:

పంపకం సన్నగిల్లిన చోట యజమాని ధనం వచ్చి చేరింది. ఇక్కడ తెలుగువారికి పరిచయమైన ఒక ఉదాహరణ ఉంది. తెలుగువారైన బి.వి. రావు స్థాపించిన, పుణె కేంద్రంగా పనిచేసే వెంకటేశ్వర హ్యాచరీస్ సంస్థ 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది. 1888 నాటి పన్నెండు క్లబ్బులలో అదొకటి. 1995లో ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ ధనంతో ప్రీమియర్ లీగును గెలిచింది. 2012లో ప్రీమియర్ లీగునుంచి, 2017లో ఛాంపియన్‌షిప్ నుంచి దిగి, 2018లో మళ్లీ ఒక మెట్టు ఎక్కింది. యజమాని స్థానికుడైనా విదేశీయుడైనా, క్లబ్బు ఖర్చు దాని సొంత రాబడిని మించినప్పుడు మనుగడ ఒక కుటుంబపు నిర్ణయంపై నిలుస్తుంది.

కిందిశ్రేణులలో జీతాల ఖర్చును రాబడిలో కొంత శాతానికి పరిమితం చేసే నియమం లీగ్ టూలో 2004 నుంచి, లీగ్ వన్‌లో 2012 నుంచి ఉంది. అయితే యజమాని ఇచ్చే విరాళాన్నీ వాటా పెట్టుబడినీ రాబడిగానే లెక్కించారు. ‘అప్పు చేసి పప్పుకూడు’ అన్న సామెతకు ఇది నియమబద్ధమైన రూపం. కోవిడ్ కాలంలో, 2020 ఆగస్టులో, లీగ్ వన్‌కు 25 లక్షల, లీగ్ టూకు 15 లక్షల పౌండ్ల కచ్చితమైన వేతన పరిమితిని క్లబ్బులు ఆమోదించాయి. ఆటగాళ్ల సంఘం సవాలుతో అది 2021 ఫిబ్రవరిలో రద్దయింది. అరవై ఏళ్ల నాటి వివాదమే కొత్త రూపంలో తిరిగి వచ్చింది.

8. బెరీ బహిష్కరణ (2019):

బెరీ క్లబ్బు 1885లో పుట్టింది. 1894 నుంచి లీగు సభ్యత్వంలో ఉంది. 1900, 1903 సంవత్సరాలలో ఎఫ్.ఏ. కప్ గెలిచింది. 1903 ఫైనల్‌లో డార్బీ కౌంటీని 6–0తో ఓడించింది. ఇలాంటి క్లబ్బు 2018 డిసెంబరులో ఒక్క పౌండుకు చేతులు మారింది. దాని గిగ్ లేన్ మైదానం అప్పటికే తాకట్టులో ఉంది. కొత్త యజమాని వద్ద తగిన నిధులున్నాయో లేదో తేలకముందే అమ్మకం పూర్తికావడానికి నాటి నిబంధనలు అడ్డు రాలేదు.

2019లో జీతాలు ఆలస్యమవుతున్నా ఆటగాళ్లు జట్టును లీగ్ టూలో రెండోస్థానంలో నిలిపి లీగ్ వన్‌కు చేర్చారు. అప్పులవారితో జులైలో కుదిరిన ఒప్పందం సాధారణ రుణదాతలకు బాకీలో నాలుగో వంతు ఇస్తామన్నది. నిధుల ఆధారాలు మాత్రం రాలేదు. లీగు మ్యాచులను ఒక్కొక్కటిగా వాయిదా వేసింది. ఆగస్టు 27న, మైదానంలో మ్యాచు జరుగుతుందన్న ఆశతో వందలాదిమంది అభిమానులు చీపుళ్లు, బకెట్లు పట్టుకొని గిగ్ లేన్‌ను శుభ్రం చేయడానికి వచ్చారు. ఆ రాత్రే లీగు బెరీని బహిష్కరించింది. 1992లో మెయిడ్‌స్టోన్ తరువాత లీగు సభ్యత్వం కోల్పోయిన తొలి క్లబ్బు అదే. మరుసటిరోజే పొరుగున ఉన్న బోల్టన్ వాండరర్స్ కొత్త యజమానుల చేతికి చేరి గట్టెక్కింది. బోల్టన్‌కు కొనేవారు దొరికారు, బెరీకి దొరకలేదు. పాత నూలు పట్టణాల ఈ రెండు క్లబ్బుల గతి చివరికి అక్కడే వేరుపడింది.

9. అభిమానుల యాజమాన్యం – చట్టం:

1992లో నార్తాంప్టన్ పట్టణంలో తొలి అభిమానుల ట్రస్టు ఏర్పడింది. 2003లో ఎక్సెటర్ సిటీ క్లబ్బు దాని అభిమానుల ట్రస్టు చేతికి వచ్చింది. 2005 జనవరిలో ఎఫ్.ఏ. కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను దాని సొంత మైదానంలో 0–0తో నిలువరించి, తిరిగి ఆడిన మ్యాచు రాబడితో కలిపి అప్పులను తీర్చుకోగలిగింది. ఒక పెద్ద క్లబ్బుతో ఆడిన పోటీ వసూళ్లు ఒక చిన్న క్లబ్బును నిలబెట్టాయి. పంపకం చేయగల మేలు దీనివల్ల మరోసారి రుజువైంది. అయితే అది నియమం వల్ల కాక అదృష్టం వల్ల దక్కింది.

బెరీలోనూ అభిమానులు ఊరుకోలేదు. వారు కొత్త క్లబ్బును స్థాపించారు. 2022లో ప్రభుత్వ సామాజిక యాజమాన్య నిధి సాయంతో గిగ్ లేన్ అభిమానుల బృందం చేతికి వచ్చింది. 2023లో రెండు అభిమాన బృందాలు ఏకమై, పాత పేరుతో తొమ్మిదో శ్రేణిలో ఆట మొదలుపెట్టాయి.

బెరీ ఉదంతం తర్వాత పార్లమెంటు సభ్యురాలు ట్రేసీ క్రౌచ్ అధ్యక్షతన 2021లో వచ్చిన సమీక్ష స్వతంత్ర నియంత్రణ సంస్థను సిఫారసు చేసింది. 2025 జులైలో ఫుట్‌బాల్ పరిపాలనా చట్టం ఆమోదం పొందింది. పై ఐదు శ్రేణుల క్లబ్బులు అనుమతిపత్రం పొందాలి. యజమానుల అర్హతను ముందే పరీక్షించాలి. మైదానాన్ని అమ్మాలన్నా తరలాలన్నా అనుమతి కావాలి. ప్రీమియర్ లీగు, ఫుట్‌బాల్ లీగు మధ్య సొమ్ము పంపకంపై అంగీకారం కుదరకపోతే జోక్యం చేసుకునే అధికారం కూడా నియంత్రణ సంస్థకు లభించింది.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు:

1. కిందిశ్రేణి క్లబ్బుల పేదరికం కొత్తది కాదు. లీగు తొలి దశాబ్దంలోనే అక్రింగ్టన్ అనే స్థాపక సభ్యక్లబ్బు అంతరించింది.

2. గేటు వసూళ్ల పంపకం, సమాన టెలివిజన్ వాటా చిన్న క్లబ్బులకు ఆసరాగా నిలిచాయి. 1983–1992 మధ్య అవి పోయాయి. వేతన పరిమితి కూడా ఆసరాయే కానీ, దాని భారం ఆటగాళ్లపై పడింది. కనుక పాత వ్యవస్థను అలాగే పునరుద్ధరించడం న్యాయం కాదు.

3. 1962లో అక్రింగ్టన్‌ను ముంచినది జనం రాకపోవడం. 2019లో బెరీ పైశ్రేణికి ఎక్కిన సంవత్సరమే కూలింది. అంటే ఆటలో గెలుపు సైతం రక్షణ ఇవ్వలేని స్థితి ఏర్పడింది. ఈ రెండు పతనాల మధ్య వచ్చిన అసలు మార్పు ఇదే.

4. క్లబ్బుపై పట్టణానికి ఉన్న నైతిక హక్కును చట్టం ఆలస్యంగానైనా కొంత గుర్తించింది. యజమానుల పరీక్ష చెడును ఆపగలదు. చిన్న క్లబ్బుకు రాబడిని కల్పించలేదు. అందువల్ల కొత్త చట్టంలోని అంశాలలో పంపకానికి సంబంధించిన అధికారమే కీలకమైనది.

ప్రత్యర్థి బతికి ఉంటేనే తన ఆట సాగుతుందని 1888లో పన్నెండు క్లబ్బులు గుర్తించాయి. ఆ గుర్తింపు ఆదాయపు లెక్కలలోకి ఎంతమేరకు తిరిగి వస్తుందన్న దానిపైనే కిందిశ్రేణి క్లబ్బుల భవిష్యత్తు ఆధారపడి ఉంది.